పొట్ట ఉన్న వల

వలక్క వేళ్ళు ముడులు విప్పుతున్నాయి. ఎప్పటికీ ఊడకూడదని తన చేత్తో తానే బిగించిన ముడులవి. ఇప్పుడు ఊడమంటే మాట వినడం లేదు. చెక్కసూది మొనతో ఒక్కో ముడిని నడుము దగ్గర పొడిచి, గోటితో లాగి, అప్పటికీ మొండికేస్తే పంటితో కొరికి వదులు చేస్తోంది. గోల్ స్తంభం పక్కన ఎత్తు స్టూలు మీద ఆమె, కింద ఆ స్టూలు కాళ్ళు పట్టుకుని గ్రౌండు మేస్త్రి.

“కత్తి తెస్తానక్కా, కోసిపారేద్దాం,” అన్నాడతను.

“కోస్తే తాడు పాడవుతుంది. పాపం తాడు ఏం చేసింది?”

“తాడు కాకపోతే మరి…” అని నాలుక కరుచుకుని, స్టూలు కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు మేస్త్రి.

అతను మింగేసిన మాట ఏమిటో ఆమెకు తెలుసు. వారం నుంచి వీధి వీధంతా ఆ మాటే నములుతోంది.

పోయిన ఆదివారం ఇదే గ్రౌండులో తమ జట్టు కొట్టిన బంతి గోల్‌కీపరును దాటి, అడ్డకమ్మీ కింద నుంచి దూరి, వలకు తగిలింది. తగిలిన మరుక్షణం, గోడకు కొట్టినట్టు తిరిగి మైదానంలోకి వచ్చేసింది. దూరంగా ఉన్న రెఫరీకి బంతి లోపలికి పోవడం కనబడలేదు, బయటకు రావడం మాత్రమే కనబడింది. కమ్మీకి తగిలి వచ్చిందనుకున్నాడు. గోల్ ఇవ్వలేదు. గెలవాల్సిన మ్యాచ్ సమమైపోయింది. ఆటగాళ్ళు రెఫరీ చుట్టూ మూగి అరిచారు, జనం కుర్చీలు గుద్దారు. అరుపులన్నీ అయ్యాక అందరి చూపూ వల మీదికి, వల మీది నుంచి వలక్క మీదికి తిరిగింది.

వలను అంత బిగువుగా కట్టడం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన లారీ లోడ్ల మీద కప్పే వలలు అల్లేవాడు. లోడు కదలకుండా పట్టుకోవడం తప్ప ఆ వలకు ఇంకో పని లేదు. అల్లిన వలను గది గోడలకున్న కొక్కేలకు నాలుగు వైపులా తగిలించి, మధ్యలో పిడికిలితో గుద్ది చూసేవాడు. చప్పుడు వస్తే తల ఊపేవాడు. పిడికిలి లోపలికి దిగితే మారుమాట లేకుండా మళ్ళీ విప్పించేవాడు. కొక్కేలు ఇప్పటికీ ఆ గోడలకే ఉన్నాయి. లారీ వలలూ, కట్టే మేడల చుట్టూ పరిచే వలలూ, ఆటల వలలూ అన్నీ వాటి మీదే పుడతాయి. చాలా ఏళ్ళుగా జట్టు గోల్ వలలు కూడా ఆమెవే. పాత స్తంభాలు వంగిపోయి ఉండడం వల్ల అవి ఎప్పుడూ కాస్త వేలాడుతుండేవి. చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. ఈ ఏడు కొత్త ఇనప స్తంభాలు వచ్చాయి, వెనక ఆసరా కమ్మీలతో సహా. ఇన్నాళ్ళకు మనసుకు నచ్చినట్టు బిగించే వీలు దొరికింది. బిగించింది. వేలితో మీటితే పలికింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి ఎంత ఠీవిగా నడిచి వెళ్ళిందో వీధి చివరి సైకిలు షాపువాడు నడిచి మరీ చూపిస్తాడు.

ముడులన్నీ వదులు చేసి వలక్క స్టూలు దిగింది. సాధన చేస్తున్న గోల్‌కీపరును పిలిచి నిలబడమంది. మేస్త్రి బంతిని ఎత్తుగా కొట్టాడు. గోల్‌కీపరు ఎగిరాడు. వల పైకప్పు అప్పటికే జారి అతని నెత్తి మీదికి వచ్చి ఉంది. ఎగిరిన చెయ్యి వలలో ఇరుక్కుంది. రెండో చెయ్యితో విడిపించుకోబోతే అదీ ఇరుక్కుంది.

“అక్కా, బంతి సంగతి తర్వాత చూద్దాం గాని, గోలీ మాత్రం భలే పడ్డాడు,” అన్నాడు మేస్త్రి.

క్లబ్బు కార్యదర్శి సరిగ్గా అప్పుడే వచ్చాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

“అమ్మా, ఆఖరి మ్యాచ్ మన దగ్గరే. అది పోతే ఈ ఏటి కష్టమంతా పోయినట్టే. ఫ్యాక్టరీ వలలు చూసి వచ్చాను. అవే కట్టిద్దాం.”

“మ్యాచ్ ముందు రోజు దాకా ఆగండి సార్.”

“ఆగితే?”

“నా వలలో బంతి నిలబడుతుంది.”

“నిలబడకపోతే?”

“ఫ్యాక్టరీ వల నేనే కడతాను. నా చేత్తోనే.”

కార్యదర్శి ఆమె మొహంలోకి చూసి, సరేనన్నాడు.

మాటైతే అనేసింది గాని, ఎలాగో ఆమెకే తెలియదు. పైన వదులైతే గోల్‌కీపరు మెడకు చుట్టుకుంటుంది. వెనక బిగిస్తే బంతిని తన్నేస్తుంది. పైనా వెనకా ఒకటే వల. ఒక చోట వదిలితే ఇంకో చోట జారుతుంది. ఆ రాత్రి కంచం ముందు కూచుని కూడా వేళ్ళతో గాలిలో ముడులు వేస్తుంటే ఎదురుగా తమ్ముడు చూశాడు. అతను కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. ఆదివారమైతే పసుపు చొక్కా వేసుకుని జట్టు డ్రమ్ము వాయిస్తాడు.

“వాళ్ళ గ్రౌండులో చూడాలక్కా,” అన్నాడు. “బంతి వలలో పడితే పిల్లి ఒళ్ళో పడుకున్నట్టు పడుకుంటుంది. లేపి తెచ్చుకోవాలి.”

“ఎవరి గ్రౌండులో?”

“ఈ ఆదివారం మనం పోతున్నామే, ఆ నీలంవాళ్ళ దగ్గర.”

“నేనూ వస్తా.”

తమ్ముడి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. “నువ్వా? మ్యాచ్‌కా? మన గ్రౌండులోనే ఆట మొదలని విజిల్ వేయగానే చేతులు దులుపుకుని ఇంటికొచ్చేస్తావు. అసలు ఆఫ్‌సైడంటే ఏంటో తెలుసా నీకు?”

“తెలీదు. అక్కడ వల వెనకాల చోటు దొరుకుతుందా?”

“అవతలి ఊరి జనానికి ఎప్పుడూ ఇచ్చేది అదే చోటు. గోల్ వెనకాల, కంచెలో. మందను తోలినట్టు తోలతారు.”

“అయితే మంచిదే,” అని ఆమె కంచం తీసింది.

ఆదివారం బస్సు నిండా పసుపు చొక్కాలే. వలక్కకూ ఎవరో ఒక పసుపు కండువా మెడలో వేశారు. బస్సు కదిలిందో లేదో వెనక సీటు నుంచి మొదలైంది.

“వలక్కా, మన బస్సు కిటికీలకి కూడా నీ వలలు కట్టెయ్. వాళ్ళు రాయి వేస్తే వాళ్ళకే తగుల్తుంది!”

బస్సంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక కిటికీ వైపు తిరిగి, ఒళ్ళో సంచిలో ఉన్న చెక్కసూదిని తడుముకుంటూ కూచుంది.

అవతలి జనానికి గేటు వేరు. గ్రౌండు వెనక సందులోంచి, చెత్తడబ్బాల పక్క నుంచి తిప్పి తీసుకుపోయారు. గేటు దగ్గర కాపలావాడు ఒక్కొక్కరి సంచీ తెరిచి చూస్తున్నాడు.

“ఇదేంటమ్మా?”

“చెక్కసూది.”

“సూదా? ఇంత సూదితో ఏం కుడతావు, ఏనుగుకి చొక్కానా?”

“వల అల్లుతాను.”

“మా వల మాకుందిలే. పోయేటప్పుడు తీసుకో.” అని అగ్గిపెట్టెలూ నీళ్ళ సీసాలూ పడి ఉన్న రేకు డబ్బాలో దాన్నీ పడేశాడు. దారపు ఉండను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు.

లోపల సిమెంటు మెట్లు, ముందు తీగల కంచె, పక్కన ఒక్క కుళాయి. అది బొట్లు బొట్లుగా కారుతోంది. తమ్ముడు డ్రమ్ము దించి, కాసేపు దాన్నే చూసి, ఇక ఉండబట్టలేక జేబులోంచి రబ్బరు వాషరు తీసి పని మొదలుపెట్టాడు.

“ఏరా, వాళ్ళ కుళాయి నీకెందుకురా?” అన్నారెవరో.

“ఎవడిదైతే ఏంటి, కారుతుంటే చూడలేను. చిరాకు.”

వలక్క అప్పటికే కంచె దగ్గరికి పోయి తీగలు పట్టుకుని నిలబడింది. ఎదురుగా, చెయ్యి చాపితే ఇంకో నాలుగు చేతుల దూరంలో నీలంవాళ్ళ వల. ఆమె దాన్ని, కొత్త ఊరికి వచ్చిన మనిషి ఇళ్ళను చూసినట్టు, గడప నుంచి కప్పు దాకా చూసింది. పైకప్పు బిగువుగానే ఉంది, తన వల అంత కాకపోయినా. పక్కలూ బిగువుగానే ఉన్నాయి. అంచులన్నీ కొక్కేలకు గట్టిగానే కట్టి ఉన్నాయి. వదులు ముడి ఎక్కడా లేదు. కానీ వెనక భాగం మాత్రం గాలి వచ్చినప్పుడల్లా నిండుగా ఉబ్బి, మెల్లగా సర్దుకుంటోంది. అంచులు బిగువుగా ఉండగా మధ్యలో అంత వదులు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆమెకు అంతుపట్టలేదు.

పక్క వరసల్లోంచి నీలం చొక్కాలవాళ్ళు కేకలు పెట్టారు. “ఏం పసుపోళ్ళూ! మీ వల బంతిని కక్కేస్తుందటగా! కడుపులో బాలేదా?”

కబురు ఇక్కడి దాకా వచ్చేసిందన్నమాట. ఆమె చెవులు వేడెక్కాయి. చూపు మాత్రం వల మీది నుంచి తియ్యలేదు.

మొదటి సగంలో నీలంవాళ్ళు కొట్టాల్సిన గోల్ ఇదే. వాళ్ళు బంతితో ఇటు వచ్చినప్పుడల్లా చుట్టూ పసుపు జనం “వద్దు, వద్దు, తన్నెయ్!” అని గుండెలు బాదుకుంటున్నారు. వలక్క మనసులో మాత్రం ఒకటే కోరిక. రానీ. ఒక్కసారి లోపలికి రానీ. వస్తే ఈ వల ఏం చేస్తుందో చూస్తాను. అలా అనుకున్నందుకు పక్కనున్న తమ్ముడి మొహం చూడ్డానికి సిగ్గేసింది. అయినా ఆ కోరిక పోలేదు.

బంతి వచ్చింది. గోల్‌కీపరు వేళ్ళ పక్క నుంచి దూసుకొచ్చి వల వెనక మధ్యలో తగిలింది. వల బంతితో పాటు వెనక్కి వచ్చింది. వచ్చి, వచ్చి, ఇక చాలన్నట్టు ఆగి, బంతిని కిందికి జార్చింది. బంతి గడ్డి మీద ఒక చుట్టు తిరిగి అక్కడే ఆగింది.

“నిలిచింది!” అని వలక్క రెండు చేతులూ ఎత్తి ఎగిరింది. “చూశారా, నిలిచింది!”

పసుపు జనమంతా శవాన్ని మోస్తున్నట్టు ఉన్నారు. అందరి మధ్యా ఆమె ఒక్కతే గాలిలో ఉంది.

“అక్కా!” తమ్ముడు కండువా పట్టి కిందికి లాగాడు. “గోల్ కొట్టింది వాళ్ళు!”

“గోల్ ఎవరిదైతే ఏంట్రా, వల చూడు!”

“వలక్కని ఈ పక్క కూచోబెట్టింది ఎవర్రా?” అని ఒక గొంతు. “నీలం కండువా కొనివ్వండి!” అని ఇంకో గొంతు. విరామం అంతా ఆమెకు అవే అక్షింతలు. ఆమె పట్టించుకోలేదు. దారపు ఉండ వేళ్ళ మధ్య దొర్లిస్తూ ఆలోచిస్తూనే ఉంది.

రెండో సగంలో జట్లు వైపులు మారాయి. ఇప్పుడు ఇటు దాడి చేసేది తమవాళ్ళే. ఆట ముగింపుకొస్తుండగా పసుపు చొక్కా కుర్రాడొకడు బంతిని బలమంతా పెట్టి తన్నాడు. అది గోల్ పై మూలకు పోయి వలను టప్పుమనిపించి, నిలిచింది. ఈసారి కంచెలో జనమంతా ఎగిరారు, డ్రమ్ము మోగింది, ముసలీ ముతకా కౌగిలించుకున్నారు. వలక్క ఎగరలేదు. తీగల మీదికి వంగి చూస్తోంది. బంతి తగిలిన చోట వల చిరిగింది. మధ్యలో కాదు, ఉబ్బిన చోట కాదు, పాత అతుకు దగ్గర. అతుకు చుట్టూ వల కళ్ళు, ముడికీ ముడికీ మధ్య ఖాళీలు, ముడుచుకుని బిగుసుకుపోయి ఉన్నాయి.

మ్యాచ్ సమంగా ముగిసింది. నీలం జనమంతా వెళ్ళిపోయేదాకా అవతలి జనాన్ని బయటికి వదలరు. అది అక్కడి పద్ధతి, రెండు వైపులవాళ్ళూ సందులో ఎదురుపడి కొట్టుకోకుండా. పసుపు జనం మెట్ల మీద కూలబడి, బస్సు ఎక్కేదెప్పుడని గొణుక్కుంటున్నారు. మైదానం ఖాళీ అయింది. తెల్లమీసాల పెద్దాయన ఒకడు సంచి పట్టుకుని వచ్చి చిరిగిన చోట చూసి, నిట్టూర్చి, దారం తీశాడు.

“అది అలా అతికితే మళ్ళీ అక్కడే చిరుగుతుందండీ,” అంది వలక్క కంచెలోంచి.

పెద్దాయన తిరిగి చూశాడు. “ఇందాక మావాళ్ళు గోల్ కొడితే ఎగిరిన పసుపు కండువా మీరే కదూ?”

“నేనే.”

“మావాళ్ళలో కూడా అంతెత్తున ఎవరూ ఎగర్లేదు.”

“బంతిని చూసి కాదండీ. వలను చూసి.”

ఆయన చేతిలో దారం ఆగింది. “మీరేనా ఆ… బంతిని వెనక్కి తోసిన వల…?”

“నేనే.” ఇక నవ్వుతాడని కాచుకుంది.

ఆయన నవ్వలేదు. కంచె దగ్గరికి వచ్చాడు. “అంత బిగువు ఎలా తెచ్చారమ్మా? నాకు ఎంత లాగినా రాదు.”

వలక్కకు ఆ వారంలో మొదటిసారి ఊపిరి కింది దాకా దిగింది. “అది చెబుతాను. ముందు మీ వల అల్లింది ఎవరో చెప్పండి.”

“మా ఆవిడ. ఇప్పుడు వేళ్ళు కొయ్యబారాయి, మానేసింది. చిరిగితే నేనే అతుకుతున్నాను. నేను ముట్టుకున్న చోటల్లా ఇదుగో, ఇలా ముడుచుకుపోతుంది. ఎలా అల్లావే అని అడిగితే చెప్పదు. ‘ఇన్నేళ్ళు నీ పక్కనే కూచుని అల్లాను, నువ్వు రేడియోలో మ్యాచ్ విన్నావు, ఇప్పుడు వల వైపు చూడు’ అంటుంది.”

“కొంచెం ఇటు పట్టుకొస్తారా? ముట్టుకుని చూస్తాను.”

పెద్దాయన అటూ ఇటూ చూసి, కింది అంచు కొక్కేలు ఊడదీసి, వలను కంచె దాకా లాక్కొచ్చాడు. వలక్క తీగల సందుల్లోంచి వేళ్ళు పెట్టి వల కళ్ళను ఒక్కోటి తడుముతూ పోయింది. కొన్ని తడిమింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ తడిమింది. తన కళ్ళు మూసుకుంది. ఆమె మొహంలో ఏదో మెల్లగా విచ్చుకోవడం పెద్దాయన చూశాడు.

“కట్టడంలో లేదండీ,” అంది. “అల్లికలో ఉంది. చూడండి, ఇక్కడ ఒక కంట్లోంచి రెండు కళ్ళు పుట్టించింది. మళ్ళీ కాస్త దూరం పోయాక ఇంకోటి. వరస వరసకీ పెంచుకుంటూ వచ్చింది. ఇదుగో, కిందికి దిగాక రెండేసి కళ్ళు కలిపి ఒకటి చేసుకుంటూ పోయింది. అందుకే అంచు కొలత పెరగలేదు, మధ్యలో మాత్రం మిగిలింది. వలకి పొట్ట పెట్టిందండీ మీ ఆవిడ!”

పెద్దాయన ఆ రెండు కళ్ళ మీద వేలు పెట్టి చూశాడు. “నేను అతికినప్పుడు ఈ జంటని ఒకటే అనుకుని కలిపేస్తున్నాను.”

“అందుకే ముడుచుకుంటోంది. ఉండండి.” ఆమె వెనక్కి తిరిగింది. “ఒరేయ్, గేటు దగ్గర నా సూది ఉంది, పట్టుకురా.”

తమ్ముడు వెళ్ళాడు. సూదితో పాటు కాపలావాడు కూడా వచ్చాడు, దొంగసొత్తు తెచ్చినట్టు రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని. “ఇదేం చేస్తుందో చూడాలి,” అని అక్కడే నిలబడ్డాడు. వలక్క చేతిలోని దారం సూదికి చుట్టి, కంచె సందుల్లోంచే అల్లడం మొదలుపెట్టింది. పాత అతుకు విప్పి, ఉండాల్సిన చోట కన్ను పెంచి, కలపాల్సిన చోట కలిపి.

“అక్కా, మనకి గోల్ పెట్టిన వల అది!” అన్నాడు తమ్ముడు.

“మనం కొట్టింది కూడా అందులోనే పడింది.”

“అయినా సరే, వాళ్ళ వల నీకెందుకు?”

“పొద్దున్న కుళాయి ఎవరిది?”

తమ్ముడు తను బాగుచేసిన కుళాయి దగ్గరికే నీళ్ళు తాగడానికి పోయాడు. మెట్ల మీద గొణుగుతున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగి చుట్టూ చేరారు. ఇంతలో గేట్లు తెరిచారు.

“ఆగండయ్యా, ఇంకో నాలుగు ముడులున్నాయి,” అన్నాడు బస్సులో కిటికీల మాట అన్న మనిషే.

ఆఖరి ముడి పడ్డాక పెద్దాయన అతుకు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. చెయ్యి పోయినంత దూరం వల కూడా పోయింది. “ఇంటికెళ్ళి చెబుతాను,” అన్నాడు, “పసుపువాళ్ళావిడ ఒక్క పూటలో పట్టేసిందని. ఇక నన్ను బతకనివ్వదు.”

“నేను బిగువు సంగతి చెప్పనేలేదు.”

“ఈసారి మేం మీ గ్రౌండుకి వచ్చినప్పుడు చెబుదురు గాని. మమ్మల్నీ వల వెనకాలే నిలబెడతారుగా.”

ఆ వారమంతా తండ్రి కొక్కేల మీద కొత్త వల పెరిగింది. పైకప్పు ఆయన నేర్పినట్టే అల్లింది. వెనక భాగానికి వచ్చేసరికి కళ్ళు పెంచడం మొదలుపెట్టింది. పెంచిన మొదటి రోజు తన అల్లిక తనకే పరాయిదానిలా, ఎవరో నేర్చుకుంటున్నవాళ్ళు చేసినట్టు కనబడింది. అయ్యాక అలవాటు కొద్దీ మధ్యలో పిడికిలితో గుద్దింది. చప్పుడు రాలేదు. పిడికిలి మోచేతి దాకా దిగిపోయింది. విప్పెయ్యమని వేళ్ళు లాగాయి. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తర్వాత మడత పెట్టి సంచిలో వేసింది.

మ్యాచ్ ముందు రోజు గోల్ పక్కన ఫ్యాక్టరీ వల మూట విప్పకుండా ఉంది. కార్యదర్శి దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వలక్క స్టూలు ఎక్కి పై అంచు కట్టింది, ఊడమంటే ఊడని పాత ముడులే. మీటితే పైకప్పు పలికింది. పక్కలు కట్టింది, కింది అంచు కట్టింది. వెనక మాత్రం వల కాస్త ఉబ్బి, సర్దుకుంది.

గోల్‌కీపరు ముందు తన నెత్తి మీద చూసుకున్నాడు. ఎగిరి చూశాడు. ఏమీ తగల్లేదు.

“కొట్టనా?” అన్నాడు మేస్త్రి.

“బలంగా కొట్టు,” అంది వలక్క.

మేస్త్రి పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి వల నడిమధ్యకు పోయింది. వల దాన్ని పట్టుకుని వెనక్కి పోయి, ఆగి, కిందికి దించింది. బంతి గడ్డిలో పడి కదల్లేదు. కార్యదర్శి తనే ఒక బంతి తీసుకుని, ఎప్పటి బూట్లో ఏమో, జారుతూ వచ్చి తన్నాడు. అదీ మొదటి దాని పక్కకే వెళ్ళి ఆగింది. ఆయన ఫ్యాక్టరీ మూట వైపు చూశాడు.

“బడిపిల్లల గ్రౌండులో స్తంభాలున్నాయి, వల లేదు,” అంది వలక్క. “ఈ ఫ్యాక్టరీ వల అక్కడ నేనే కట్టి వస్తాను, అన్న మాటే కదా.”

“సరేనమ్మా,” అన్నాడు కార్యదర్శి. కిందికి వంగి, రెండు బంతులూ తనే తీసుకొచ్చాడు.

ఆమె సంచిలోంచి ఇంకో చెక్కసూది తీసింది. దానికి అదే దారం నిండా చుట్టి ఉంది. పక్కనే అరచేతి వెడల్పు నమూనా ముక్క, ఒక కంట్లోంచి రెండు కళ్ళు పుట్టిన చోట ఎర్రదారం కట్టి. రెండూ మేస్త్రి చేతిలో పెట్టింది.

“ఎక్కడైనా తెగితే ఇది చూసి అతుకు. ఎర్రదారం ఉన్న చోట కలపకు.”

“అర్థం కాకపోతే?”

“పిలువు. విజిల్ వేశాక కూడా ఇక్కడే ఉంటాను.”

మేస్త్రి సూదిని జేబులో పెట్టుకుని, నమూనా ముక్కను స్తంభం వెనక మేకుకు తగిలించాడు. వలక్క ఆఖరి ముడి తోక కత్తిరించి, స్టూలు మడిచి అతనికి అందించింది.